నా కంచంలో నిమ్మచెక్క

మా ఇంట్లో ఎవరు దోసె తిన్నా కంచంలో దోసె, చట్నీ ఉంటాయి. నా కంచంలో మాత్రం దోసె, చట్నీ, వాటి పక్కన ఒక నిమ్మచెక్క ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఉంటోంది. దాన్ని చూసి నా భార్య కొత్తలో నవ్వింది. మా అత్తగారు నాకు పిత్తం ఉందనుకుంది (పెళ్ళికి ముందే ఎందుకు చెప్పలేదని మావాళ్ళను అడిగింది కూడా). నా కూతురు బడిలో 'మా నాయన' అని వ్యాసం రాయమంటే మొదటి వాక్యంలోనే ఆ నిమ్మచెక్కను పెట్టింది. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు, 'ఏమయ్యా, నీకు మాత్రం ఇదేమిటి' అని నన్ను అడిగిన పాపాన పోలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అడుగుతారన్న ఆశ పోయింది కనుక ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఆ రోజుల్లో భయపడడమే నా అసలు ఉద్యోగం. జీతం వచ్చే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సత్రపట్టి రోడ్డులో ఆసుపత్రుల బ్యాండేజీ గుడ్డ నేసి విదేశాలకు పంపే ఒక కంపెనీలో చేరి అయిదు నెలలైంది. ఆరో నెల చివర ఉంచుకుంటారో, ఇంటికి పంపుతారో తేలుతుంది. తేల్చవలసినవాడు మా మేనేజరు. పైవాళ్ళు ఏం చెప్పినా 'ఓకే సార్' అనేవాడు కనుక ఆయన పేరే ఓకే సార్ అయిపోయింది. మాలాంటి కిందివాళ్ళు ఏం చెప్పినా ఆయన వినేవాడు కాదు, అందుకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. తమిళుల పురట్టాసి నెలలో, అంటే పెరుమాళ్ళ పేరు చెప్పి ఊళ్ళో సగం ఇళ్ళు చేపా మాంసం మానేసే నెలలో, ఏదో చలిదేశం నుంచి ఒక దొరసానమ్మ మా గుడ్డ చూడడానికి వచ్చింది. గెస్ట్‌హౌస్‌లో రెండు రోజులు మన కారం తిని మూడో రోజు పెరుగన్నం మీదికి, అరటిపండు మీదికి దిగింది. శుక్రవారం పొద్దున ఓకే సార్‌కు తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఒక వైపు బంగారు రంగులో వేగిన తెల్లచేప ముక్క, దాని మీద వెన్న, నిమ్మరసం కలిపిన పసుపుపచ్చటి సాసు. వెళ్ళేలోపల ఇలాంటిది ఒక్కసారి దొరికితే బాగుండునని అడిగిందట.

గెస్ట్‌హౌస్‌లో వంటచేసే మాస్టరు పురట్టాసిలో చేప ముట్టనని చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు. అప్పుడు ఓకే సార్ నన్ను పిలిచాడు. ఆయన బల్ల మీద నా బయోడేటా ఉంది.

"హాబీ, కుకింగ్. ఇది నువ్వుదానే రాసినావు?"

"నేనే సార్. అది వచ్చి..."

"రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు ప్లేటు బల్ల మీద ఉండాల. ముల్లు ఒక్కటి తగిలినా ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే నువ్వూ పోతావు."

అది వచ్చి ఏమిటంటే, ఆ కుకింగ్ నేను రాసింది కాదు. బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరులో టైపు చేసిన అక్క, హాబీ గడి ఖాళీగా వదిలితే బాగుండదని, నాకు ముందు వచ్చినవాడికి పుస్తక పఠనం పెట్టేశానని, నాకు వంట పెట్టింది. ఆనాటికి నాకు చేతనైన వంట వేడినీళ్ళు. ఈ మాట చెప్పడానికి నేను మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆయన ఫోను మోగింది. (ఇది గుర్తుపెట్టుకోండి. ఈ కథలో నేను నిజం చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు అడ్డం వచ్చారు.)

తూత్తుకుడి నుంచి ఐసులో వచ్చిన కొడువా చేప ముక్కలు అయిదు దొరికాయి (ఆంధ్రలో దీన్నే పండుగప్ప అంటారట). ఫోనులో ఒక వంటల వీడియో పదకొండుసార్లు చూశాను. చేపను తడి లేకుండా తుడవాలి అంది అందులో ఆవిడ. ఆ ఒక్క విషయంలో నాకు భయం లేదు, రక్తాన్నే పీల్చేసే గుడ్డ మా కంపెనీ నిండా ఉంది. ముళ్ళ కోసం ల్యాబులో అంగుళానికి ఎన్ని నూలుపోగులో చూసే భూతద్దం తెచ్చి, ముక్క ముక్కా వెతికి, చిమటాతో పీకాను. ఇంత చేసి గెస్ట్‌హౌస్ అల్యూమినియం పెనంలో మొదటి ముక్క వేస్తే, చర్మం పెనానికి, మాంసం గరిటెకు అంటుకుని, నా చేతికి పీలికలు వచ్చాయి. రెండో ముక్కా అంతే. మాస్టరు గుమ్మంలో నిలబడి, అచ్చం మన బ్యాండేజీ గుడ్డ లాగా ఉంది తంబి, దీన్నే ప్యాక్ చేసి పంపించెయ్ అన్నాడు. ఇంకా మూడే ముక్కలున్నాయి.

అంటుకోని పెనం ఊళ్ళో ఒకటుందని నాకు తెలుసు. అది మా అవ్వది. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన ఇనప దోసెపెనం. సగం కోసిన ఉల్లిపాయ నువ్వులనూనెలో ముంచి రుద్దీ రుద్దీ, దాని నలుపు అద్దం లాగా తేలింది. దోసె దాని మీద అంటుకోవడం మాట అటుంచి, అట్లకాడ చూపిస్తే తనంతట తానే లేచేది. ఆ పెనానికి సబ్బు తగలకూడదు. దాని మీద ఆమ్లెట్ వేయకూడదు. చపాతీ కూడా వేయకూడదు. ఒకసారి మా అమ్మ తెలియక వేసినందుకు అవ్వ ఆమెతో మూడు రోజులు గోడను మధ్యన పెట్టి మాట్లాడింది. అలాంటి పెనం మీద, పురట్టాసి శనివారం నాడు, చేప. ఆలోచన రాగానే నా చేతులు చల్లబడ్డాయి. కానీ ఓకే సార్ ముఖం గుర్తొస్తే అంతకన్నా చల్లబడ్డాయి.

శనివారం పొద్దున అవ్వా అమ్మా పెరుమాళ్ళ కోవిలికి వెళ్ళగానే (సాయంత్రం దాకా రారు) పెనాన్ని కొక్కెం నుంచి దించాను. కంపెనీ శాంపిలు బ్యాండేజీతో చుట్లు చుట్టి, స్కూటరు మీద కాళ్ళ దగ్గర నిలబెట్టాను. వీధి మలుపులో పక్కింటి అత్త ఆపి, ఎవరికిరా దెబ్బ తగిలింది అని అడిగింది. ఎవరికీ లేదత్తా అన్నాను. ఇంకా తగలలేదు, అంతే.

ఆ పెనం నా పరువు కాపాడింది. వీడియోలో ఆవిడ, చర్మం వైపు కిందికి వేసి నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు అంది. ముట్టుకోకుండా ఉండడం ఎంత కష్టమో ఆ నాలుగు నిమిషాల్లో తెలిసింది. చేతులు చంకల్లో పెట్టుకుని పెరుమాళ్ళను తలుచుకోబోయి, ఏ ముఖంతో తలుచుకోను అని మానేశాను. తిప్పబోతే ముక్క కదిలింది. కిందంతా బంగారం. మూడు ముక్కలూ అలాగే లేచాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆవిడ, సాసు అదే పెనంలో చేయాలి, అడుగున ఉన్నదంతా గీకి కలుపుకోవాలి, రుచి అందులోనే ఉంది అంది. నేను ఆజ్ఞ మీరేవాణ్ణి కాను. వెన్న వేశాను, వెల్లుల్లి చిదిమి వేశాను, రెండు నిమ్మకాయలు పిండాను, గీకాను. నిమ్మపులుపుకు రుచితో పాటు మా ముత్తవ్వ కాలం నుంచి పట్టిన నలుపు కూడా లేచి వచ్చింది. పసుపుపచ్చగా ఉండవలసిన సాసు మబ్బు పట్టిన రంగులో తేలింది. ఇంకోటి చేయడానికి వెన్న లేదు, వేళ లేదు.

దొరసానమ్మ దాన్ని చూసి ఏదో అడిగింది. మిరియాలు అన్నాడు ఓకే సార్. ఆమె తినడం మొదలుపెట్టాక నేను తలుపు చాటున నిలబడి ఒక్కొక్క ముద్దా లెక్కపెట్టాను. ముల్లు తగల్లేదు. చివర రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని మరీ తింది. తరువాత నా వైపు చెయ్యి చూపిస్తూ మూడు నిమిషాల పాటు ఏదో చెప్పింది. అంత దూరం నుంచి నాకు వినబడలేదు. ఏమన్నారు సార్ అని అడిగితే, "ఓకే అన్నారు" అన్నాడు ఆయన. మూడు నిమిషాలు ఓకే ఎవరంటారు? ఉద్యోగం ఖాయమైన మాట నిజమే. మరుసటి ఏడాది కంపెనీ క్యాలెండరులో ఆమె, ఆయన, ఆ చేపపళ్ళెం పడ్డ మాటా నిజమే. ఎడమవైపు అంచున కనబడే మోచేయి నాది.

మధ్యాహ్నం పెనాన్ని చూస్తే నడిమధ్యన బట్టతల లాగా తెల్లబడి ఉంది. చేపవాసన పోవాలని సబ్బు పెట్టాను. వాసన పోలేదు. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమితే తళతళలాడతాయి కదా అని చింతపండు పెట్టాను. మిగిలిన నలుపు దానితో పోయింది. భయపడిన చేతులు ఒక పని చెడగొట్టి ఊరుకోవు. చివరికి తలకు రాసుకునే కొబ్బరినూనె పూసి నల్లగా కనబడేలా చేసి, వాళ్ళు కోవిలి నుంచి వచ్చేలోపల కొక్కేనికి తగిలించాను.

ఆదివారం పొద్దున నేను నిద్ర లేవలేదు. అంటే మెలకువగానే ఉన్నాను, లేవలేదు. పిండి పోసిన చప్పుడు వినిపించింది. తరువాత అట్లకాడ గీరిన చప్పుడు. మా ఇంట్లో నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు ఎవరూ వినలేదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. మొదటి దోసె ముద్దయింది. అవ్వ దాన్ని తీసి పక్కన పెట్టి, పిండి ఎవరు రుబ్బినారే అని అమ్మను అడిగింది. రెండోది పీలికలైంది. మూడోది పెనం వదలనే లేదు. అవ్వ పొయ్యి ఆపి, చిన్న పీట మీద కూర్చుని, తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"ఇంక నువ్వే చూసుకోమ్మా," అంది అమ్మతో. "నా చెయ్యి అయిపోయినట్లుంది."

కొంగుతో కన్ను తుడుచుకుంది. అది పొగకా, ఏడుపుకా అని నేను ఆనాడూ ఆలోచించాను, ఈనాడూ ఆలోచిస్తున్నాను. మాది గ్యాసు పొయ్యి. పొగ రాదు.

తరువాత ఆమె తల తిప్పి నన్ను చూసింది. "కన్నా, ఈ పెనము నిన్న యాడనైనా కింద పడినదా? నువ్వేమైనా చూసినావా?"

"లేదవ్వా," అన్నాను. "నేను చూళ్ళేదు."

ఎనిమిది రోజులు నేను బతికిన బతుకు పగవాడికి వద్దు. అవ్వ రోజూ పొద్దున ఉల్లిచెక్కతో పెనం రుద్దుతుంది. రోజూ ఒక దోసె పోస్తుంది. అది అంటుకుంటుంది. ఏమీ అనకుండా లేచిపోతుంది. ఇంట్లో ఉప్మా. నేను ఆ ఉప్మాను పొగిడినంతగా ఎవరూ ఏ ఉప్మానూ పొగిడి ఉండరు. అవ్వ నన్ను పేరుపెట్టి పిలిస్తే చెమట పట్టేది, పిలవకపోతే ఇంకా పట్టేది. పక్కింటి అత్త వచ్చి, ఇది దిష్టిగాని మరేం కాదని తేల్చి, పెనం చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటులో నా గుండె కరిగి, అవ్వా, అది దిష్టి కాదు అని మొదలుపెట్టాను. దగ్గు వచ్చింది. అమ్మ నన్ను రెక్కపట్టుకుని బయటికి పంపేసింది. నేను ఒప్పుకోలేదని ఎవరైనా అంటే ఆ దగ్గే నాకు సాక్ష్యం.

తొమ్మిదో రోజు దోసె లేచింది. అంచులు తమంతట తామే విడిచి, చందమామలాగా లేచింది. అమ్మ నవ్వింది, నాయన పేపరు దించి చూశాడు. అవ్వ మాత్రం ఏమీ జరగనట్లే దాన్ని మడిచి, మొదటి దోసె నా కంచంలో పెట్టింది. చట్నీ వేసింది. ఆ తరువాత కత్తిపీట దగ్గరికి వెళ్ళి, ఒక నిమ్మకాయ సగానికి కోసి, ఒక చెక్క తెచ్చి నా దోసె పక్కన పెట్టింది.

"తిను కన్నా," అంది.

నేను ఆ చెక్కను చూశాను, పొయ్యి మీది పెనాన్ని చూశాను. ఇదేందత్తా అని అమ్మ అడిగింది. వానికి అట్లదా ఇష్టం అంది అవ్వ. అంతే. తిట్టలేదు, అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. చపాతీకి మూడు రోజులు గోడను మధ్యన పెట్టిన మనిషి, చేపకు ఒక్క మాట అనలేదు. ఆ నిమ్మచెక్క నేను పిండుకుని తిన్నాను. ఇంకేం చేయను?

ఇప్పుడు నేను సీనియరు మేనేజరును. కొత్త కుర్రవాళ్ళ బయోడేటాల్లో హాబీ గడి చూసినప్పుడల్లా, బ్యాండేజీ చుట్టిన పెనాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని స్కూటరు తోలుకుపోతున్న ఆ సన్నటి కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి భయానికి నవ్వొస్తుంది. వాణ్ణి ఆపి, ఒరే, నిమ్మకాయ వేరే గిన్నెలో పిండుకోరా అని చెప్పాలనిపిస్తుంది. అవ్వకు ఎనభై తొమ్మిది. చెవి కొంచెం మందం, చెయ్యి మాత్రం ఏమీ మందం కాలేదు. పోయిన ఆదివారం కూడా తనే పోసింది, తనే కోసి పెట్టింది.

అవ్వా, నీకు ఎవరు చెప్పినారో నేను అడగడం లేదు. మాస్టరు కానీ, పక్కింటి అత్త కానీ, పెనానికి అంటుకున్న బ్యాండేజీ నూలుపోగు కానీ, ఎవరైనా కానీ. నేనడిగేది ఒకటే. ఆ మొదటి రోజు, పీట మీద కూర్చుని చెయ్యి అయిపోయింది అన్నావే, అప్పటికే నీకు తెలుసునా? తెలిసే నన్ను ఎనిమిది రోజులు వేయించినావంటే, దానికి నువ్వు బదులు చెప్పాల. తెలియకుండా ఆ ఎనిమిది రోజులూ నిజంగానే నీ చెయ్యి అయిపోయిందని అనుకున్నావంటే, బదులు నేను చెప్పాల. పద్నాలుగేళ్ళుగా ఏది నిజమో తెలియక నిమ్మకాయ పిండుకుంటున్నాను. రేపు ఆదివారం. వంటింట్లోకి వచ్చి నీ చెవి దగ్గర గట్టిగా అడుగుతాను. వినబడలేదని మాత్రం అనవద్దు.