కాబోయే హీరో

ఫిల్మ్‌నగర్‌కు వచ్చిన కొత్తలో, ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, ఇన్‌స్టాలో 'కాబోయే హీరో శీను' అని ఐడీ పెట్టుకున్నాను. మొన్న, నలభై రెండో ఏట, హీరోయిన్ తండ్రి వేషానికి ఆడిషన్‌కు వెళ్లాను. కెమెరా ముందు నిలబడి పేరు, ఎత్తు, ఇన్‌స్టా ఐడీ చెప్పాలి. ఐడీ దగ్గరికొచ్చేసరికి నోట్లోనే గొణిగాను.

"వినపడలే అంకుల్, జర గట్టిగ చెప్పుండ్రి" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

గట్టిగానే చెప్పాను. అతను కిసుక్కున నవ్వాడు. అదే వేషం కోసం వరుసలో కూర్చున్న నెరిసిన తలలవాళ్లు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. ఎవరి ఫోన్‌లోకి వాళ్లు తలలు దించేసుకున్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ ఐడీ చెరిపేశాను. ఇంకేం పెట్టుకోవాలో ఎంతకీ తోచలేదు. చివరికి మళ్లీ అదే టైపు చేశాను.