తమ్ముడి మాట నేనైన రోజులు

ఈ ఉదయం ఇక్కడ ఒమాన్‌లో, రూవిలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. నాలుగు నిమిషాలు. సారాంశం రెండు ముక్కలే: ఘుబ్రాలో కొత్త సైట్‌కి మార్చారు, శుక్రవారం భోజనానికి రమ్మన్నాడు. మిగతాదంతా అక్షరాల దగ్గర ఆగడమే. రెండు బస్సులు వదిలేసి మొత్తం విన్నాను. పంపినవాడు ఒకప్పుడు నా రూమ్‌లో ఉన్నవాడు, నిర్మల్ వైపు నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ. నేను తమ్ముడూ అనేవాణ్ణి, తను అన్నా అనేవాడు.

అతనికి నత్తి. చిన్నప్పుడు బడిలో హాజరు పలకబోతే తరగతంతా నవ్విందట. అప్పట్నుంచి తన నోటి మీద తనకే పగ. రూమ్‌లో ఆరుగురం. అడుగంటిన అన్నం తనే పెట్టుకునేవాడు, ఏసీ గాలి తగలని మంచం తనే అడిగి తీసుకున్నాడు. ఎవరైనా కాలు తొక్కితే తప్పు తనదే అన్నట్టు నవ్వేవాడు. "నా నోరు ఎందుకన్నా పనికొస్తది, దండుగ నోరు" అనేవాడు. చిత్రమేమిటంటే, తనను తాను తిట్టుకునేటప్పుడు మాత్రం నత్తి అడ్డొచ్చేది కాదు. గడగడా వచ్చేసేది.

ఇక నా సంగతి. మాది గోదావరి జిల్లా, నోరు ఊరుకోదు. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు స్పీకర్ పెట్టి, తన బదులు మాట్లాడమని నా వైపు జరిపేవాడు. అతని భార్యకి విషయం తెలుసు. నేను వాళ్ల యాస తెచ్చిపెట్టుకుని "బిడ్డా, మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అని దంచేవాణ్ణి. అతను ఒమాన్ వచ్చేనాటికి చంకలో ఉన్న కూతురు అప్పటికి నాలుగేళ్లది, అవతల కిలకిలా నవ్వేది. సాయం చేస్తున్నానని తెగ మురిసిపోయాను. ఆ పిల్లకి తండ్రి గొంతంటే నా గొంతే అయిపోతోందని మూడేళ్లలో ఒక్కసారీ తట్టలేదు, మొద్దు వెధవని.

ఎండాకాలంలో తమ్ముడి భార్య పెద్ద ఫోన్ కొంది. శుక్రవారం పొద్దున్న తొలి వీడియో కాల్. తమ్ముడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కనుంచి నేను అలవాటుగా "బిడ్డా" అన్నానో లేదో, ఆ పిల్ల నావైపు చూసి, "నాయినా! ఫోటోల గిట్ల లేవు గదా, గింత లావైనవేంది?" అంది. "గాయన గాదే, పక్కన గీయన మీ నాయిన" అని తల్లి చెబుతూనే ఉంది.

రూమ్‌లో వాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. "గంతే అన్నా, నువ్వే మాట్లాడు. నేనెక్కడి నాయినను" అన్నాడు తమ్ముడు, ఎక్కడా తడబడకుండా. నాకు ఒళ్లు మండింది, అతని మీదా, నా మీదా. "ఇక నేను ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. నీ కూతురు, నువ్వే చెప్పుకో" అని ఎదుటి మంచం మీదకి పోయి కూర్చున్నాను.

"బి... బి..." అతని మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు మూసుకున్నాడు. ఫోన్ పెట్టేయడానికి వేలు చాచాడు.

"ఆగు, పెట్టకు" అంది పిల్ల, చెంపకి చెయ్యి ఆనించుకుని. "మెల్లగనే చెప్పు నాయినా. నాకు బడి లేదు."

ఆ ఒక్క "బిడ్డా" బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. వచ్చింది, అంతే తెలుసు. ఆ తర్వాత ఇంకో మాటా వచ్చింది. అతనికి మాట రాదనే అనుకున్నాం అందరం, అతనితో సహా. వినే తీరిక ఉన్న మనిషి ఎదురుపడటానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది.