రాక్షసబల్లికి ఆదరణ ప్రార్థన

ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి, పొలమారితే నా పూచీ లేదు! మొన్న హైదరాబాదులో నేను చేసిన ఘనకార్యం ఏందో తెలుసా? కోట్ల ఏళ్ల కిందట చచ్చిన రాక్షసబల్లికి, స్కూలు పిల్లలందరి ముందు, ఆదరణ ప్రార్థన చేసొచ్చినా.

నా బతుకుదెరువు మోటారు వైండింగు. కానీ బిట్రగుంటలో మా చర్చి వాళ్ళ ఇళ్లల్లో ఎవరు పోయినా పాస్టరుగారు వాక్యం చెబుతారు, చివర్లో మిగిలినోళ్ళని ఓదార్చే ఆదరణ ప్రార్థన నేను చేస్తా. ఇరవై ఏళ్లుగా ఇదే డ్యూటీ. వాక్యం అయిపోయి అందరూ గమ్మున నిలబడితే చాలు, ఎవరూ సైగ చెయ్యక్కర్లేదు. కళ్ళు వాటంతటవే మూతపడతాయి, నోరు దానంతటది తెరుచుకుంటుంది.

మా అమ్మాయి షారోన్ ఈ ఏడే కావలిలో కొత్త స్కూల్లో ఎనిమిదో క్లాసులో చేరింది. పిల్లల్ని హైదరాబాదు మ్యూజియానికి తీసకపోయే టూరుకి తోడుగా ఎవరన్నా పేరెంట్స్ రావాలని సైన్సు చెప్పే మస్తాన్ సారు అడిగితే, నేను ఠక్కున చెయ్యెత్తినా. పిల్ల మొహం మాడిపోయింది.

"డాడీ, నీకు దండం పెడతా. అక్కడ ఏమీ మాట్లాడొద్దు. క్లాసు వాళ్ళు నవ్వితే నేను మళ్ళా ఒక్కదాన్నే కూచోవాలి."

ఆ 'మళ్ళా' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఒక్కతే కూచుంటోందని నాకేం తెలుసు? మాట్లాడనని ఒట్టు పెట్టినా.

మ్యూజియంలో ఆ రాక్షసబల్లి ఎముకల గూడు ముందు నిలబడినాం. మా స్టేషన్లో ఆగే గూడ్సు పెట్టె అంత పొడుగుంది! గైడమ్మాయి చెబుతా ఉంది.

"ఇది ఒక్క జంతువుది కాదండీ. గోదావరి దగ్గర ఒకే చోట చాలా జంతువుల ఎముకలు దొరికాయి. వాటిని ఏరి, కలిపి, ఇలా నిలబెట్టారు. గుంపు మొత్తం వరదలో కొట్టుకుపోయి ఉండొచ్చని ఒక అంచనా."

వరద అనేసరికి నా ప్రాణం ఉసూరుమంది. తుఫానుల్లో మనుషులు పోయిన ఇళ్లకి ఎన్నిసార్లు పోలేదు నేను? ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు మిగిలేవాళ్ళు. ఒక ముసలమ్మో, చంకలో బిడ్డో. ఆ మిగిలినోళ్ళ కోసమే గదా ప్రార్థన.

"ఒక్క నిమిషం అందరూ సైలెంటుగా నిలబడి చూడండి," అనింది గైడమ్మాయి.

అయిపోయింది! అందరూ గమ్మునైపోయినారు. ఎదురుగా ఎముకలు.

"ప్రార్థన చేసుకుందాం!"

ఎవరిదిరా ఆ గొంతు అనుకున్నా. నాదే.

"కృపగల తండ్రీ! ఈ దుఃఖ ఘడియలో నీ సన్నిధికి వచ్చినాం. వీరు లోకం విడిచి వెళ్ళినారు. వీరి బిడ్డల్ని, బంధువుల్ని నీవే ఆదరించు ప్రభువా..."

అక్కడ ఆగిపోయినా. ఎవర్ని ఆదరించమనేది? ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదే! ఇరవై ఏళ్లలో మొదటిసారి నాకు మాట రాలేదు. నిజంగానే ఏడుపొచ్చింది, నవ్వకండి. కన్ను తెరిచి చూస్తే గైడమ్మాయి బిత్తరపోయి నిలబడింది. మస్తాన్ సారు పాపం, వాళ్ళ పద్ధతిలో ప్రార్థనకి, దువాకి చేతులు చాచి ఉండాడు. వెనక వరసలో కిసకిసలు మొదలైనాయి. సాగిద్దామంటే మాట లేదు. ఆమెన్ అనకుండా ఆపేదెట్టా?

"ఆమెన్!"

మా షారోన్ గట్టిగా అనేసింది. పిల్లలంతా "ఆమెన్" అని విరగబడి నవ్వినారు.

తిరుగు రైల్లో బిడ్డ నా వంక చూడలా. కిటికీ పక్కన ఒక్కతే కూచుంది. ఊరందరినీ ఓదార్చినోడికి సొంత కూతురి దగ్గరికి పోయి ఒక్క మాట చెప్పే ధైర్యం లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయినా.

ఒంగోలు దాటినాక క్లాసు పిల్ల ఒకటి పోయి దాని ఎదురుగా కూచుంది.

"మీ డాడీ ఎప్పుడూ ఇంతేనా?"

వెనక సీట్లో నేను చెవులు రిక్కించినా.

"ఇంతే," అనింది షారోన్. "ఎవరు చచ్చిపోయినా పోతాడు. పిలవకపోయినా పోతాడు. మా ఎదురింటి అవ్వకి ఎవరూ లేరు. అయినా పోయి ప్రార్థన చేసినాడు."

ఆ పిల్ల నవ్వలా. "కరోనాలో మా తాత పోతే మా ఇంటికి ఎవరూ రాలా," అనింది. లేచి షారోన్ పక్కకి జరిగి కూచుంది. కాసేపటికి ఇంకో ఇద్దరు చేరినారు. చిప్స్ ప్యాకెట్ తెరుచుకుంది.

నేను ఉబ్బితబ్బిబ్బై, కళ్ళు తుడుచుకోని, వాళ్ళ దగ్గరికి పోయినా.

"అమ్మా, వచ్చే టూరు ఎక్కడికంట?"

"తిరుపతి జూకి. నువ్వు రావద్దు డాడీ."

"ఏం? ఎందుకని?"

"అక్కడివన్నీ బతికుండాయి. నిన్ను చూస్తే బెదురుకుంటాయి!"