ఊపిరికి కొసరు లేదు

మా మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు. రాయచోటిలో పప్పులు, బియ్యం అమ్మే అంగడి ఆయనది. నడివేసవిలో ఒక పొద్దున అత్త ఫోన్ చేసి, "పాపా, మీ మామ లేయలేదు" అంది. అంతే చెప్పింది. కడపలో ఆ మాట నేనెవరికి చెప్పినా, మామను ఎరిగినవాళ్లంతా ఒకటే అడిగారు. "నీళ్లల్లోనా?" కాదు, మంచం మీద, నిద్రలో, గుండె ఆగి. చెప్పిన ప్రతిసారీ నాకే నమ్మబుద్ధి కాలేదు. అప్పటినుంచి ఒక్కచోట కూర్చోలేను. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, ఏ పనీ తోచక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అడిగినవాళ్ల తప్పేం లేదు. మా మామ నడిసముద్రంలో టూనా చేపల్ని ఈటెతో కొట్టినవాడు. మనిషంత పొడవు, మనిషిని మించిన బరువు ఉండే చేపలవి. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని షావుకారు ఇంట్లో పుట్టి ఆయన చేసిన నిర్వాకం ఇది! మా వీధిలో సగం మంది మగవాళ్లలాగే ఆయనా గల్ఫ్‌కు పోయాడు. ఒక రేవు ఊళ్లో సరుకుల అంగడిలో పని. చిన్నప్పుడు రాయచోటి బావుల్లో ఎవరి బిందె పడినా మునిగి తీసింది మామే. ఒకసారి యజమాని పడవలోంచి ఏదో సామాను జారి నీళ్లలో పడితే, అడగకముందే దూకి తెచ్చాడట. ఆ యజమానికి ఈటె వేట పిచ్చి. ఇంకేం, సెలవు రోజు వస్తే ఇద్దరూ పడవ మీదే.

ఒడ్డు కనిపించనంత లోపలికి పోయేవాళ్లు. మూతికి గొట్టాలు, వీపున గాలి సిలిండర్లు ఏమీ లేవు. రబ్బరు పట్టీల బిగువుతో ఈటెను వదిలే పొడవాటి తుపాకి చేతిలో, ఒక్క ఊపిరి రొమ్ములో, అంతే. ఈటెకు తాడు, తాడు చివర తేలే బుడ్లు. దెబ్బ తగిలిన చేప ఆ బుడ్లను కూడా నీళ్లలోకి గుంజుకుని పారిపోతుంటే పడవలో తరమాలి. ఒకడు మునిగితే ఇంకొకడు పైన చూపు తిప్పకుండా కాపు కాయాలి. అడుగు కనబడని నీళ్లని మామ చెబుతుంటే నేను కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేదాన్ని.

"భయం కాలేదా మామా?" అని అడిగాను.

"కాకేం! అదీ నాతోనే మునుగుతాది. దాన్ని మళ్లా పైకి తెచ్చేదే పని" అన్నాడు.

మా అంగళ్లలో గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు. మామ నీళ్లలో ఊపిరిని కూడా అట్లే లెక్కపెట్టేవాడు. లెక్క నిండితే చేప ఎదురుగా ఉన్నా వదిలి పైకి రావాల్సిందే. కొట్టిన చేపను ఒక్క ముక్క నోట పెట్టలేదు. తన వంతు తోటివాళ్లకు పంచి, గదికి పోయి చారన్నం వండుకునేవాడు. చేప పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో పంపితే మా అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఏందిరా ఇది, మొసలా? పాపం మూటగట్టుకుంటివి, రుచన్నా చూడకపోతివి. రెంటికీ చెడ్డ రేవడివి గదరా!" అని ఫోన్‌లోనే తిట్టింది.

పప్పు తూచాక పైన ఇంకో పిడికెడు కొసరు వేయడం మావాళ్లకు పుట్టుకతో వచ్చే అలవాటు. అదే ఆయన కొంప ముంచబోయింది. ఒకరోజు నీళ్లలో లెక్క నిండింది. సరిగ్గా అప్పుడే, అన్నేళ్లలో ఎన్నడూ చూడనంత పెద్ద టూనా కింద నుంచి మెల్లగా లేచి వస్తోంది. ఇంకొంచెం, కొసరు, అనుకుని ఆగాడు. ఈటె వదిలాడో లేదో ఆయనకే గుర్తులేదు. పైకి వస్తూ వస్తూ స్పృహ తప్పి మళ్లీ కిందికి జారుతుంటే, కాపున్న యజమాని మునిగి చంకలో చేయేసి లాక్కొచ్చాడు. "అంగట్లో కొసరు వేయొచ్చు గానీ, ఊపిరికి కొసరు లేదు పాపా" అనేవాడు ఆ తర్వాత.

ఈ సంగతి అత్తకు మామ చెప్పలేదు. అక్కడే డ్రైవర్‌గా ఉన్న పక్కవీధి మనిషి సెలవుకొచ్చి, కథలాగా చెప్పిపోయాడు. ఆ తర్వాత మామ ఊరికి వచ్చిన రోజు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. అత్త గొడవ పడలేదు. తలంటి, ఓళిగలు వడ్డించి, తిని చేయి కడుక్కున్నాక ఆ తడి చేతినే తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"సముద్రంలో కాలు పెట్టినావంటే నేను సచ్చినట్టే లెక్క. నా మీద ఒట్టు."

మామ ఆమె నెత్తి మీంచి చేయి తీయకుండానే, "సరే" అన్నాడు చివరికి. తిరిగి గల్ఫ్‌కు పోలేదు.

కానీ ఆ మనిషికి కుదురేదీ? గల్లా దగ్గర కూర్చునేవాడు, లేచేవాడు, గడపలో నిలబడేవాడు, మళ్లీ కూర్చునేవాడు. ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టేవాడు. కందిపప్పు ఎంతని ఎవరైనా అడిగితే ఆగమని వేలెత్తేవాడు. "ఉండక్కా, ఆయప్ప మునిగినాడు, తేలినాక చెప్తాడు" అని అత్త లోపలినుంచి అరిచేది. అంగడంతా నవ్వులు. అత్త మాత్రం నాతో వేరేగా చెప్పింది. "నిద్దట్లో చేతులాడిస్తాడు పాపా. నాకు శానా భయమైతాది. పక్కనే పండుకోనుండాడు, కానీ యాడ ఉండాడో తెలీదు" అంది.

ఒకసారి తిరుపతికి పోయి, అటునుంచి అందరం సముద్రం చూడబోయాం. పిల్లా పెద్దా అంతా నీళ్లలో ఉంటే, మామ ఒక్కడే చెప్పులేసుకుని పొడి ఇసుకలో నిలబడ్డాడు. "రాయ్యా, కాళ్లు తడుపుకుంటే ఏం కాదులే" అంది అత్త.

"కాలు పెట్టకూడదన్న్యావు గదా. కాలంటే కాలే. మాట తూకంలో నేను తగ్గించను" అని నవ్వాడు. తర్వాత నవ్వు మాని, "తీస్తావా ఒట్టు?" అని నెమ్మదిగా అడిగాడు.

అత్త సముద్రం వైపు చూసింది. ఆయన వైపు చూసింది. మళ్లీ పిల్లల వైపు తిరిగింది. అల ఒకటి ముందుకొస్తే మామ గబగబా వెనక్కి జరిగాడు. నాకు ఆయన మీద జాలేసింది గానీ అత్త మీద కోపం రాలేదు. ఆమె చోట నేనున్నా తీసేదాన్ని కాదు.

అస్థికలు పుష్పగిరి దగ్గర పెన్నలో కలపాలన్నారు. ఏరంతా ఇసుకే. మామకు అన్న, మా పెద్దమామ, కూర్చుని చేతులతో చెలమ తోడాడు. మోకాటిలోతు తవ్వాక గాని నీళ్లు ఊరలేదు. ఆడవాళ్లు గట్టు మీదే ఉండాలని అయ్యవారు చెబుతున్నా వినకుండా అత్త ఇసుకలోకి దిగింది. "ఇన్ని నీళ్లేనా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. కలపడం అయ్యాక వంగి, ఆ చెలమలో చేయి పెట్టి, మామ ఎదురుగా ఉన్నట్టే మాట్లాడింది.

"నా ఒట్టు తీసి గట్టున పెట్టినా. ఇంగ పో సామీ."

పెద్దమామ మొహం తిప్పుకున్నాడు. ఆమె లేచి అయ్యవారిని అడిగింది. "ఈ ఏరు సముద్రానికి పోతాది గదా?"

"పోతాదమ్మా. నీళ్లొస్తే పోతాది" అన్నాడాయన.

నేను పాఠాలు చెప్పే బడికి రోజూ చెన్నూరు వంతెన మీదుగా బస్సులో పోతాను. కింద అదే పెన్న. వానాకాలం మొదలైనప్పటినుంచీ, బస్సు వంతెన ఎక్కే వేళకు అత్త ఫోన్ చేస్తుంది. బాగున్నావా, తిన్నావా ఏమీ లేదు. "పాపా, పెన్నకు నీళ్లొచ్చినాయా?" ఇంకా లేదత్తా అంటే, "సరే, రేపు చూడు" అని పెట్టేస్తుంది.

ఈ రోజూ చేసింది. ఎగువన మబ్బు పట్టిందనీ, ఇసుక తడిసింది గానీ ఏరు పారడం లేదనీ చెప్పాను.

"ఆయప్ప ఒక్కచోట ఉండలేడు పాపా. బాగా చూడు" అంది.

కిటికీ పక్కన కూర్చున్నామెను జరగమని, తల బయటికి పెట్టి, బస్సు వంతెన దాటేదాకా చూశాను.