గాలి సంచి కిటికీ

హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించి, రెక్కలు ఆపకుండానే తిరిగి వెళ్లిపోయింది. మార్చి నెల. పందొమ్మిది వేల అడుగుల ఎత్తు. ఒక ఫైబర్ గుడిసె, కిరోసిన్ స్టవ్, మసి పట్టిన గోడలు, రేడియో, నా మందుల పెట్టె. కదలకుండా పడుకోమని పోస్టు కమాండర్ మొదటి ఆర్డర్. ఇక్కడ శత్రువు కంటే గాలే ముందు చంపుతుందని చెప్పాడు.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మాది పుంగనూరు. రేడియో ఆపరేటర్‌ది కుప్పం పక్కన పల్లె. ఇద్దరం చర్చికి పోయేవాళ్లమే. ఆదివారం స్టవ్ దగ్గర వాడు పాట ఎత్తుకుంటే, తెలుగు రాని కమాండర్ కూడా తల ఊపేవాడు.

"అన్నా, ఏసయ్య వచ్చేటప్పుడు ఈడికి ముందొస్తాడా, మనూరికి ముందొస్తాడా?"

"ఈడికే. మనమే గదా ఎత్తులో ఉండేది."

వాడు నవ్వి దగ్గేవాడు. పొడి గాలి కదా అనుకున్నాను.

ఒక పొద్దున రేడియోలో మాట్లాడుతుంటే వాడి గొంతు మారింది. మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టాను. తడి ఉప్పు పొయ్యిలో వేసినట్టు చిటచిట. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. ఎత్తుకు అలవాటు పడడానికి నేనిచ్చిన మాత్రలు ఏవిరా అని అడిగాను. బూటులోంచి తీసి చూపించాడు.

"మా ఇంట్లో మాత్ర మింగం అన్నా. సిన్నప్పుడు జరమొచ్చి సచ్చిపోతాంటే అమ్మ ప్రార్థనతోనే బతికినాను. ఇంగ ఈ ఇంట్లో ఎవురూ మందు ముట్టమని దేవునికి మాటిచ్చింది. నేను తప్పితే అమ్మకేమన్నా అయితే?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ మదనపల్లె దగ్గర ఒక క్షయ ఆసుపత్రిలో ఆయా. అక్కడ పొద్దున్నే ప్రార్థన గంట కొట్టేవాళ్లు, ఆ వెంటనే మాత్రల ట్రే వచ్చేది. ఆ రెండూ వేరని చిన్నప్పుడు నాకు తెలియనే తెలియదు.

"ఊపిరి పోసినోడు ఒకడు, మందు కనుక్కునే బుర్ర ఇచ్చినోడు ఇంకొకడా? యాల భయపడతావు? మింగరా!"

వాడు కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. తర్వాత నోరు తెరిచాడు.

కమాండర్ హెలికాప్టర్ అడిగాడు. "మేఘం పట్టింది. వేచి ఉండండి" అంది రేడియో.

మిగిలింది గాలి సంచి. మనిషిని లోపల పడుకోబెట్టి జిప్ వేస్తాం. కాలితో పంపు తొక్కి గాలి నింపుతాం. ఒత్తిడి పెరిగి, లోపలున్నవాడికి కొండ దిగినట్టే. ముఖం దగ్గర చిన్న ప్లాస్టిక్ కిటికీ.

"సమాధి మాదిరి ఉండాదే అన్నా."

"అయితే ఏం? ఏసయ్య మాదిరి మూడో దినం లేస్తువులే."

నవ్వుతూనే లోపలికి వెళ్లాడు.

వంతులవారీగా తొక్కాం. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా కిటికీకి ఆవిరి పట్టేది, తీసుకుంటే పోయేది. పంపు ఆపడానికి లేదు. బయట గాలి గుడిసెను పట్టి కుదుపుతోంది. మధ్యాహ్నానికి వాడి పెదాలు నీలంగా మారాయి. కిటికీ మీద ఆవిరి పలచబడింది. నేను ప్రార్థన చేస్తూనే తొక్కాను.

ఉన్నట్టుండి గుడిసెలోకి ఎండ వచ్చింది. "మేఘం విడింది! హెలికాప్టర్ బయల్దేరింది!" కమాండర్ తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆవిరి లేకుండా శుభ్రంగా ఉంది. వాడి ముఖం స్పష్టంగా కనబడుతోంది.

నాకు సెలవు దొరికేసరికి చలికాలం వచ్చింది. కుప్పంలో రైలు దిగి వాళ్ల పల్లెకు నడిచాను. వాకిట్లోకి వచ్చేసరికే లోపల దగ్గు వినబడింది. వాళ్లమ్మ ఒక్కతే ఉంది, చిక్కి సగమైంది. చేతిలో గుడ్డ. దాని మీద రక్తం.

నన్ను కూర్చోబెట్టి ఒకటే అడిగింది. "మందు మింగినాడా అప్పా?"

అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. "మింగినాడమ్మా. ప్రార్థన చేసుకునే మింగినాడు."

"ముందే మింగుంటే?"

"బతికుండొచ్చమ్మా."

నన్ను తిట్టి పొమ్మంటుందనుకున్నాను. దగ్గు తెర వచ్చి తగ్గింది.

"ఏసయ్య వచ్చే దినాన నా బిడ్డ లేస్తాడు. వాని మొకం సూడాల గదా నేను. నువ్వు గూడా మాత్ర ముట్టకుండానే వచ్చినావామ్మా అంటే ఏం జెప్పేది?" గుడ్డ మడిచింది. "మాటిచ్చింది నేను. దేవునితో నేనే జెప్పుకుంటా. మదనపల్లె ఆసుపత్రికి బస్సు ఎప్పుడప్పా?"

మరునాడు పొద్దున బస్సెక్కాం. బయట మంచు. ఆమె అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. పుంగనూరు వచ్చింది, మా వీధి మలుపు దాటిపోయింది. నేను బయటికి చూడలేదు. ఆమె నోటి ముందు అద్దానికి ఆవిరి పట్టింది, పోయింది. మళ్లీ పట్టేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

ఇప్పటికీ ఏ కిటికీ దగ్గర ఎవరు నిద్రపోతున్నా, ముందుగా నా కళ్లు ఆ ఆవిరి కోసమే వెతుకుతాయి.