మా అక్క బ్యాంకు మెట్లు దిగిన వైనం

ఆ రోజుల్లో నా లోకజ్ఞానమంతా రెండే రెండు మాటల్లో ఇమిడిపోయేది: "ఇక్కడ ఇంతే." మెల్‌బోర్న్‌లో చదువు ముగించి, ఓ బీమా కంపెనీలో కొత్తగా చేరి, మెడకో టై తగిలించుకున్నాక ఆ మాట ఎప్పుడూ నా నాలుక చివరే ఉండేది. క్షవరానికి అంత డబ్బా అని ఎవరైనా నోరెళ్ళబెడితే ఇక్కడ ఇంతే. ఒకే పూట స్వెట్టరూ, గొడుగూ, చలవ కళ్ళద్దాలూ మూడూ కావాలా అంటే ఇక్కడ ఇంతే. నాకంటే ముందొచ్చినవాళ్ళు నాకు నేర్పారు, నా తర్వాత వచ్చినవాళ్ళకి నేను నేర్పాను. (ఒక దేశం అర్థమైపోయిందనుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు ఇప్పటికీ కనబడలేదు.) ఆ మాట చెల్లనిది ఒక్క మనిషి దగ్గరే. ఆవిడ మా పెద్దమ్మ కూతురు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో అక్కా బావల ఇంట్లోనే, వెనక గదిలో నా మకాం.

అక్క రాజమండ్రిలో పళ్ళ డాక్టరు. కానీ ఇక్కడి పరీక్షలు పాసైతే తప్ప ఎవరి నోట్లోనూ వేలు పెట్టడానికి వీల్లేదు. రాతపరీక్ష గట్టెక్కింది గానీ, చేత్తో చేసి చూపించే పరీక్ష ఒకసారి తప్పింది. దాని ఫీజు వింటే మన పళ్ళు మనకే కదులుతాయి. అందుకని పగలంతా వేరే వాళ్ళ క్లినిక్‌లో కూర్చుని ఫోన్లెత్తేది. సాయంత్రం భోజనాల బల్లకి ఓ ప్లాస్టిక్ దవడ బిగించుకుని సాధన చేసేది. నేను పెసరట్టు తింటుంటే ఎదురుగా ఆ దవడ నోరు తెరుచుకుని నా ప్లేటు వంకే చూసేది. జీతంలో మిగిలిందంతా రెండోసారి పరీక్ష కోసం విడిగా ఒక అకౌంటులో వేసుకునేది. అయితే ఆ మధ్య దవడ మీద ధూళి కనబడటం మొదలైంది. ఫీజు కట్టే గడువు దగ్గరికొస్తున్నా అక్క కట్టలేదు. బావ ఒకసారి నన్ను గరాజులోకి పిలిచి, "మానేస్తుందేమోరా. అడిగితే మాట మార్చేస్తోంది" అన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, అప్పుడు మాత్రం నవ్వలేదు.

సరిగ్గా ఆ వారంలోనే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. వచ్చే నెల నుంచి అకౌంటుకి మంత్లీ ఫీజు పెంచుతున్నామని చాలా మర్యాదగా రాశారు.

"ఏవండీ, ఇది చూశారా? నా డబ్బు వాడి దగ్గర దాచుకున్నందుకు నేనే వాడికి అద్దె కట్టాలిట. ఆ అద్దె కూడా పెంచుతాట్ట!" అంది అక్క.

బావ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా, "ఎంతోయ్, రెండు కాఫీల డబ్బులు. లైట్ తీసుకో" అన్నాడు.

"వచ్చే వడ్డీ ఒక కాఫీ, పోయే ఫీజు రెండు కాఫీలూనా? ఇదేం లెక్కండీ?"

"ఇక్కడ ఇంతేలే అక్కా" అన్నాను నేను, టై సవరించుకుంటూ.

అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్, శనివారం ఏ పనీ పెట్టుకోకు. బ్యాంకులు చూడ్డానికెళ్దాం."

బ్యాంకుల్ని చూడ్డానికి వెళ్ళడమేమిటో నాకు బోధపడలేదు. ఆన్‌లైన్‌లో కంపేర్ చేస్తే అయిదు నిమిషాల పని కదా అంటే, "ఫొటో చూసి పట్టుచీర కొంటావట్రా? చేత్తో పట్టుకు చూడాలి" అంది. అక్కకి తెలిసిన కొనుగోలు విద్య ఒక్కటే, రాజమండ్రి చీరలకొట్టు విద్య. నిదానంగా కూర్చోవాలి. అన్నీ తీయించాలి. ఏది నచ్చినా మొహంలో తెలియనివ్వకూడదు. ఆఖర్న లేచి మెట్లు దిగాలి. కొట్టువాడు "అమ్మా, ఓ మాట" అని పిలిచేవరకూ వెనక్కి చూడకూడదు.

శనివారం పొద్దున్నే మొదటి బ్యాంకులో గెడ్డం కూడా సరిగా రాని ఓ కుర్రాడు మాకు ఎదురుపడ్డాడు. అక్క కుర్చీలో స్థిరంగా సర్దుకుని, అతనిచ్చిన మంచినీళ్ళు తాగి (చీరలకొట్లో కూల్‌డ్రింకు ఇచ్చేవారని నా చెవిలో ఊది), ఒక్కో అకౌంటూ తీయించింది. ఒకదానికి వడ్డీ కళ్ళు చెదిరేలా ఉంది, కానీ మొదటి నాలుగు నెలలకే. "మొదటి ఉతుక్కే రంగు పోతుంది" అంది అక్క తెలుగులో, మొహాన చిరునవ్వు చెదరకుండా. ఇంకోదానికి మంచి వడ్డీ, కానీ కొంత మొత్తం దాటితే ఆ పైదానికి రాదు. "అంచు బాగుంది, పొడుగు చాలదు." మరోదానికి పూర్తి వడ్డీ కావాలంటే నెలకి అయిదుసార్లు కార్డుతో ఏదో ఒకటి కొనాలి. "దీంతోపాటు అయిదు జాకెట్టు ముక్కలు కూడా కొనాలిట. చోద్యం!" నేను ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేసినవాణ్ణి. రెండేళ్ళు ఊదరగొట్టి నాకు నేర్పిన షరతుల మర్మాన్ని ఆవిడ బట్టలకొట్టు భాషలో చిటికెలో తేల్చేస్తుంటే, లోపల్లోపల అబ్బురంగానే ఉంది. పైకి మాత్రం మా ఆఫీసువాళ్ళెవరైనా చూస్తారేమోనని బ్రోషరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అంతలో అక్క ముందుకి వంగి, రహస్యం అడిగినట్టు, "హావ్ యూ గాట్ ఎనీథింగ్ ఎల్స్ ఇన్‌సైడ్?" అంది. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి తలుపు వంక చూశాడు. మంచి సరుకు లోపలి బీరువాలో ఉంటుందన్న సంగతి అతనికేం తెలుసు!

అలా మూడు బ్యాంకులు తిరిగి, ఆఖరికి ఫీజు పెంచిన మా బ్యాంకుకే వెళ్ళాం. ఫీజు తీసేయండి, లేదా వడ్డీ పెంచండి అంది అక్క. కౌంటర్లో ఉన్నావిడ ఎంతో నొచ్చుకుని, అది తమ చేతుల్లో లేదంది. "దెన్ ఐ యామ్ గోయింగ్" అని అక్క లేచింది. నాకు తల కొట్టేసినట్టయింది. "మెల్లిగా నడు. వెనక్కి చూడకు" అంది. ఆ బ్యాంకుకి మెట్లు కూడా లేవు, వీల్‌చైర్ల కోసం కట్టిన ఏటవాలు దారి ఉంది. అక్క దాన్నే మెట్లనుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ దిగింది. కింద ఆగి చెప్పు సర్దుకుంది. కారు దగ్గర ఆగి పర్సులో ఏదో వెతికింది. తాళం తీయమన్నట్టు నేను చూస్తే కాసేపాగమంది. వెనక గాజుతలుపులు తెరుచుకోనే లేదు.

కార్లో కూర్చున్నాక, "పిలవలేదురా" అంది. పర్సు జిప్పు మూసేసి, "ఇక్కడ ఇంతేనేమో" అంది.

ఆ మాట రోజుకి పదిసార్లు అనే నేను దాన్ని అక్క నోట వినేసరికి భయపడిపోయాను. ఆవిడ బ్యాంకు గురించి అనడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆ క్షణంలో ఎంత బాధేసిందంటే, ఉద్యోగానికి సెలవు పెట్టి రోజంతా బ్యాంకుల చుట్టూ తిరగమన్నా తిరిగేవాణ్ణి. "ఇంతే ఎందుకవుతుందక్కా? ఆ మొదటి కుర్రాడు మూడో అకౌంటుకి ఫీజే లేదన్నాడుగా. పద, అక్కడికే పోదాం" అన్నాను. అక్క నన్ను వింతగా చూసి, కళ్ళు తుడుచుకుని కారు దిగింది. అది అయిదు జాకెట్టు ముక్కల అకౌంటే. ఆ మధ్యాహ్నమే అక్క కొత్త కార్డు పట్టుకుని సూపర్‌మార్కెట్లో అయిదు అరటిపళ్ళు అయిదు విడి బిల్లులుగా కొన్నాను. (అక్కడ పనిచేసే ఓ పెద్దావిడ రెండో పండు దాకా ఓపిక పట్టి, మూడోదానికి "ఆర్ యూ ఆల్రైట్, లవ్?" అని అడిగింది.) ఇంటికెళ్ళి అక్క పాత అకౌంటు మూసేయమని కోరుతూ బ్యాంకుకి మెసేజ్ పంపేసింది.

సోమవారం సాయంత్రం అక్క ఫోను మోగింది. పాత బ్యాంకులో వేరే విభాగం నుంచి ఓ తియ్యటి గొంతు. మీరు వెళ్ళిపోతున్నారని తెలిసి విచారిస్తున్నాం, మీరుండాలంటే మేమేం చెయ్యగలం అంటోంది. అక్క ఫోను గుండెలకి అదుముకుని, "ఒరేయ్! పిలుస్తున్నాడు!" అంది. మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోయింది. తర్వాత గొంతు సవరించుకుని, కించిత్తు కూడా ఆత్రం లేకుండా, లోపల ఇంకేమైనా ఉన్నాయా అని మళ్ళీ అడిగింది. ఉన్నాయిట! ఫీజు తీసేస్తారట, మామూలుగా బోర్డు మీద పెట్టని వడ్డీ కూడా ఇస్తారట. బావ లాప్‌టాప్ మూసేశాడు. నేను నోరెళ్ళబెట్టాను. అక్క మాత్రం "ఐ విల్ థింక్ అండ్ టెల్ యూ" అని ఫోను పెట్టేసింది.

"ఒప్పుకోవేం అక్కా?"

"ఇంకో మెట్టు దిగితే ఇంకాస్త తగ్గుతాడు" అంది. ఆ తర్వాత ప్లాస్టిక్ దవడ మీద ధూళి కొంగుతో తుడుస్తూ, "ఈ దేశంలో మెట్లు కాస్త ఎక్కువరా. అంతే" అంది.

ఆ రోజు వంట బావా నేనూ చేశాం. పోపు మాడుతుండగా హాల్లోంచి, "ఏవండీ, ఫీజు కట్టేశాను" అని కేకేసింది.

"మళ్ళీ ఆ బ్యాంకు ఫీజా?"

"కాదండీ, నా పరీక్షది."

బావ గరిటె పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పోపు ఘాటన్నాడు. ఆ రెండోసారి అక్క పాసైంది. ఒక్క మాటలో రాసేశాను గానీ, ఆ కొన్ని నెలలూ ఆ బల్ల దగ్గర ఆవిడ పడ్డ శ్రమ చూశాక, మనుషుల్లో నేను మెచ్చేవాళ్ళలో అక్క తర్వాతే ఎవరైనా.

ఇప్పుడు వెర్రిబీలో అక్కకి సొంత క్లినిక్కు ఉంది. నాకు నెత్తి మీద జుట్టు తగ్గి, ఒక పన్ను పుచ్చింది. మొన్న ఆవిడ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాను, ఆనాటి దవడలాగే. "నీ బ్యాంకూ ఫీజు పెంచిందిటగా, ఏం చేశావు?" అని అడిగింది. నోటినిండా దూది. "ఆ... ఆ..." అన్నాను. "ఇక్కడ ఇంతే అనుకున్నావన్నమాట" అంది, అది కూడా పళ్ళ మీదే రాసి ఉన్నట్టు. సిగ్గేసి ఇంటికొస్తూ ఆనాటి మా బ్యాంకు దగ్గర ఆగాను. ఆ బ్రాంచి లేదు, బబుల్ టీ అమ్ముతున్నారు. ఏటవాలు దారి మాత్రం అలాగే ఉంది. అక్కడే నిలబడి యాప్‌లో నా అకౌంటు మూసేయమని నొక్కి, ఆ దారి వెంట నిదానంగా దిగాను. దిగి, ఓ గంట ఎదురుచూసి అక్కకి ఫోన్ చేశాను.

"గంటయిందక్కా. పిలవలేదు."

"ఫోను మాటిమాటికీ తీసి చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"వెనక్కి చూడకూడదని చెప్పానా? జేబులో పెట్టుకుని ఇంటికి పోరా."

జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇది రాస్తున్నంతసేపూ తీసి చూడలేదు. ఒక్కసారి తప్ప.