అవ్వ తినని ఆపిల్ పండ్లు

మా పెరట్లో కాసిన ఆపిల్ పండు రుచి ఎలా ఉంటుందో మా అవ్వకు తెలియదు. ఆ చెట్టును పెంచింది ఆమె. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఖానాపూర్ దగ్గర, అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచే మా ఊళ్లో ఆపిల్ ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఎండకు ఓర్చుకునే రకమట. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో బాపు ఫోన్లో ఏదో వీడియో చూసి ఒక మొక్క తెప్పించాడు. నాటిన రోజే కరీంనగర్ నుంచి పెద్దబాపు వచ్చాడు. బాపుకు అన్న ఆయన. గుంత చుట్టూ ఒకసారి తిరిగి, "గీ ఎండకు మనుషులే మాడిపోతున్నరు, ఆపిల్ కాస్తదా? ఏం తమ్మీ, దుబాయ్ ఎండ నెత్తికెక్కిందా?" అని పగలబడి నవ్వాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ సాయంత్రం నుంచి బాపు ఆ మొక్క వైపే చూడలేదు.

చూసింది అవ్వ. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. ఎండాకాలం నాలుగు కట్టెలు పాతి, పైన పాత చీర కప్పింది. మన దగ్గర చలి చాలదు కాబట్టి చలికాలం మొదట్లో ఆకులన్నీ మనమే దూసేయాలని, అప్పుడే పూత వస్తుందని నేను చదివి చెప్పాను. "ఆకు దూస్తే చెట్టుకు నొయ్యదా?" అంటూనే స్టూలెక్కింది. కొమ్మను నా చేత పట్టించి, ఒక చేత్తో మొగ్గను ఆపుకుంటూ రెండో చేత్తో ఒక్కో ఆకూ తెంపింది. అలా రెండు చలికాలాలు. ఆ తర్వాతి వానల ముందు చెట్టు కాసింది. ఒక గంపెడు పండ్లు, పసుపు మీద ఎర్రటి చారలతో.

కాసిన రోజే అది బాపు చెట్టయిపోయింది.

పండ్లు కోసి మంచం మీద పరిచాడు. దెబ్బ తగిలినవి తీసి తనే వాడకట్టులో పంచి వచ్చాడు. మంచివాటిని ఒక్కోటీ పేపర్లో చుట్టాడు. "ఎవ్వలు ముట్టొద్దు. దసరాకు అన్న వస్తడు. జమ్మాకుతోటి గీ పండు చేతుల పెడ్త. అప్పుడు నవ్వుమను" అన్నాడు.

"దసరా దాక ఆగుతయా?" అని అవ్వ అడిగింది.

"కాశ్మీర్ల ఆర్నెల్లు ఆగుతయ్. నీకేమెర్క?"

అలా మా ఫ్రిజ్ ఆపిల్ పండ్లది అయింది. పెరుగు గిన్నె, పాలు, ఇడ్లీ పిండి బయటికి వచ్చాయి. వానకాలం ఉక్కకు పాలు విరిగేవి. విరిగితే తిట్లు అవ్వకే. పండ్ల మధ్య ఇరికించిన కొత్తిమీర పసుపు పచ్చగా మారిపోయేది. దానికీ తిట్లు అవ్వకే.

ఎవరొచ్చినా బాపు ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచేవాడు. పేపరు విప్పి, తుండుతో తుడిచి, పండును వాళ్ల చేతిలో పెట్టి, ఫొటో దిగనిచ్చి, మళ్లీ చుట్టి లోపల పెట్టేవాడు. "నేనే పెంచిన. దీనికి జర ఓపిక గావాలె" అనేవాడు. అవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి వినేది. నేను తలుపు చాటున నిలబడి పళ్లు కొరుక్కునేదాన్ని. నాకు మంది ముందు మాట రాదు.

బాపు చేను దగ్గరున్న ఒక మధ్యాహ్నం ఒక పండు తీసి, కడిగి, అవ్వ ముందు పెట్టాను.

"నాకొద్దే. పల్లు జివ్వుమంటయ్."

అంతకు ముందురోజే కాల్చిన మక్కకంకులు పటపట కొరికి తిన్న పళ్లు అవి. ఆ మాటే అన్నాను.

"ఒకటి తగ్గితే మీ బాపు ఇల్లు పీకి పందిరేస్తడు. పెట్టెయ్ పో" అంది. కొంగుతో తుడిచి, తనే పేపరు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. బాపు మీదున్న కోపంలో సగం ఆ రోజు అవ్వ మీదకు మళ్లింది.

దసరా నాడు పెద్దబాపు వచ్చాడు. బాపు జమ్మాకుతో పాటు అన్నిట్లో ఎర్రగా ఉన్న పండును ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. లేచేటప్పుడు బాపు మొహం వెలిగిపోతోంది. పెద్దబాపు కొరికాడు. రెండుసార్లు నమిలి వాకిట్లో ఉమ్మేశాడు.

"ఏంది తమ్మీ, గిది పండా, పరుపుల దూదా?"

బాపు గబగబా ఇంకోటి కోశాడు. లోపలంతా గోధుమ రంగు. ఇంకోటి కోశాడు. అదీ అంతే. కత్తి కింద పెట్టి అవ్వ వైపు తిరిగాడు. "దినాం ఫ్రిజ్ తీసి మూసేది నువ్వే గదా! సక్కగ మూస్తే గిట్లయితుండెనా?"

అవ్వ వంగి, కోసిన ముక్కలు ఏరసాగింది. జవాబు చెప్పింది నేను.

"అవ్వకు ఒక్కటన్న పెట్టినవా బాపు? చెట్టును సాదింది అవ్వ. ఒక్క ముక్క తినలే."

పెద్దబాపు నా వైపు తిరిగి, "అబ్బో, గీ పిల్లకు నోరున్నదా? ఇన్నేండ్లు మూగదనుకున్న!" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు, బతికిపోయినట్టు. నా మాట ఆ నవ్వులో పోయింది.

వంటింట్లో అవ్వ నన్ను పట్టుకుంది. "నేనడిగిన్నా నిన్ను? పండుగ పూట మంది ముంగట నన్ను తిండికి మొకం వాసినదాన్ని చేసినవ్." నేను ఏడ్చాను. ఏడుపు కాదు అది, కోపం ఎటు పోవాలో తెలియక కళ్లలోంచి వచ్చింది. మిగిలిన పండ్లన్నీ అవ్వ కుడితి తొట్టిలో వేసింది. బర్రె తిన్నది. మా ఇంట్లో వాటిని తృప్తిగా తిన్నది ఆ బర్రె ఒక్కటే.

తర్వాత చలి మొదలైంది. ఒక పొద్దున అవ్వ వసారాలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. నేను పక్కన చదువుకుంటున్నాను. బాపు పెరట్లోంచి వచ్చాడు.

"ఆకు దూసే దినాలొచ్చినయ్ గదా. ఎప్పుడు దూస్తవ్?"

"నీ చెట్టే గదా. నువ్వే దూసుకో" అంది అవ్వ తల ఎత్తకుండా.

"నాకు రాదు గదనే."

"ఊరందరికి చెప్పుకునుడు వచ్చింది గదా."

చాట ఆగలేదు. బాపు నా వైపు తిరిగాడు. "నువ్వన్న రా బిడ్డా, కొమ్మ పట్టుకుందువు." నేను పేజీ తిప్పాను. బాపు స్టూలు ఈడ్చుకుంటూ ఒక్కడే వెళ్లాడు. ఆకులు గుప్పెళ్లతో గుంజుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. అలా గుంజితే ఆకుతో పాటు మొగ్గ ఊడిపోతుంది. అది నాకు తెలుసు, అవ్వకు తెలుసు.

కొమ్మ ఒకటి ఫట్టుమని విరిగింది. అవ్వ చేతిలో చాట ఆగింది. నేను ఆమె మొహం వైపు చూశాను.

ఆమె లేవలేదు. చాటలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.